టై కాబ్ సంతకం ఉన్న 1961 ఆత్మకథ కొనొచ్చా? సంతకాల బేస్‌బాల్ పుస్తకాలు ఎలా సేకరించాలి?

మీరు అడిగింది ఇదీ: క్లీవ్‌లాండ్ దగ్గర ఉంటారు, మీ అమ్మాయితో కలిసి అక్కడి బేస్‌బాల్ టీమ్ గార్డియన్స్ మ్యాచ్‌లు చూడటం మొదలుపెట్టాక బేస్‌బాల్ పుస్తకాల మీదికి మనసు పోయింది. మొన్న ఒక ఎస్టేట్ సేల్‌లో (పోయినవాళ్ల ఇంటి సామాను అమ్మకంలో) పాతకాలపు మేటి ఆటగాడు టై కాబ్ ఆత్మకథ ‘మై లైఫ్ ఇన్ బేస్‌బాల్’ మొదటి ముద్రణ కనబడింది, లోపల ఆకుపచ్చ సిరాతో కాబ్ సంతకం ఉంది, 600 డాలర్లు అడుగుతున్నారు. తమ తాతగారికి కాబ్ స్వయంగా సంతకం పెట్టి ఇచ్చాడని అమ్మేవాళ్లు చెబుతున్నారు. కొనొచ్చా, అసలు ఇలాంటివి సేకరించాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి, ఇదీ మీ ప్రశ్న.

కొనకండి. సంతకం ఎంత బాగున్నా సరే. టై కాబ్ 1961 జులై 17న అట్లాంటాలో చనిపోయారు. ఆ పుస్తకం ఆయన పోయాకే బజార్లోకి వచ్చింది. చనిపోయిన మనిషి తన పుస్తకం మీద సంతకం పెట్టలేడు కదా, ఇక సిరా రంగు గురించి, అక్షరాల వంపుల గురించి చర్చే అక్కర్లేదు. అమ్మేవాళ్లు అబద్ధం చెబుతున్నారని నేను అనడం లేదు. ఇంట్లో ఇలాంటి కథలు తరం మారేకొద్దీ పెరుగుతాయి, తాతగారికి కూడా ఆ పుస్తకాన్ని ఎవరో అలాగే చెప్పి అమ్మి ఉండొచ్చు.

ఒక్క మినహాయింపు ఉంది. సంతకం నేరుగా పుస్తకం పేజీ మీద కాకుండా విడి కాగితం ముక్క మీద ఉండి, దాన్ని లోపల అతికించి ఉంటే కథ వేరు. కాబ్ అభిమానుల ఉత్తరాలకు విసుగు లేకుండా జవాబులు రాసిన మనిషి, ఆయన చెక్కులు, ఉత్తరాలు ఇప్పటికీ అమ్మకానికి వస్తుంటాయి. అలాంటి ఉత్తరం కిందనున్న సంతకం కత్తిరించి పుస్తకంలో అంటించుకున్నవాళ్లు ఉన్నారు. అప్పుడు కూడా మీరు కొనేది ఆ కాగితం ముక్కని, పుస్తకాన్ని కాదు, కాబట్టి ముందు ఆ ముక్కని నిపుణులకు చూపించి తర్వాతే డబ్బు ఇవ్వాలి. ఇక ఆకుపచ్చ సిరా అంటారా, కాబ్ ఆకుపచ్చ సిరా అంటే ఇష్టపడేవారన్నది నిజమే, కానీ ఆ సంగతి దొంగ సంతకాలు పెట్టేవాళ్లకి మనకంటే బాగా తెలుసు.

ఇన్నేళ్లుగా పాత పుస్తకాల చుట్టూ తిరుగుతున్నాను కాబట్టి చెబుతున్నాను, కొత్తగా వచ్చినవాళ్లందరూ ముందు సంతకం వైపు చూస్తారు, నెట్‌లో ఇంకో సంతకం తెరిచి పక్కన పెట్టి పోల్చుకుంటారు. అది చివర్న చేయాల్సిన పని. ముందు చూడాల్సింది తేదీలు. పుస్తకం ఎప్పుడు అచ్చయింది, మీ చేతిలో ఉన్న ప్రతి ఏ ముద్రణ, సంతకం పెట్టాడంటున్న మనిషి ఎప్పుడు పోయాడు, అప్పటికి చెయ్యి ఆడే స్థితిలో ఉన్నాడా? కాపీరైట్ పేజీ తిప్పి ఈ నాలుగూ చూసుకుంటే, పైసా ఖర్చు లేకుండా, కళ్లకి ఏ శిక్షణా లేకుండా చాలా నకిలీలు అక్కడే రాలిపోతాయి.

ఉదాహరణకి, ఆధునిక మేజర్ లీగ్స్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్‌సన్. ఆయన మొదటి పుస్తకం ‘మై ఓన్ స్టోరీ’ 1948లో వచ్చింది, ఆ తర్వాత ఆయన ఇరవై నాలుగేళ్లు బతికారు, కాబట్టి దాని మీద నిజమైన సంతకం ఉండటంలో వింతేం లేదు. కానీ ‘ఐ నెవర్ హ్యాడ్ ఇట్ మేడ్’ 1972లో, ఆయన చనిపోయిన ఆ రోజుల్లోనే వచ్చింది, ఆయన పోయింది అక్టోబర్ 24న. మధుమేహం వల్ల చూపు కూడా బాగా తగ్గిపోయింది. అందుకే ఆ పుస్తకం మీద సంతకం అని ఎవరైనా అంటే నేను చేతులు వెనక్కి పెట్టుకుంటాను.

బ్రూక్లిన్ డాడ్జర్స్ క్యాచర్ రాయ్ క్యాంపనెల్లా సంగతి ఇంకా స్పష్టం. 1958 జనవరిలో కారు ప్రమాదంలో మెడ విరిగి శరీరం చచ్చుబడిపోయింది. ఆయన ఆత్మకథ ‘ఇట్స్ గుడ్ టు బి అలైవ్’ వచ్చింది 1959లో, అంటే ప్రమాదం తర్వాత. ఆ పుస్తకంలో ఆడే రోజుల నాటి సంతకంలా సాఫీగా, చకచకా పెట్టిన సంతకం కనిపిస్తే అది ఆయన చేతిది కాదు. ప్రమాదం తర్వాత ఆయన పేరుతో వచ్చినవాటిలో చాలా భాగం పక్కనున్నవాళ్లు పెట్టినవే. అందులో మోసం ఉద్దేశం లేదు, ఉత్తరం రాసిన అభిమానిని నిరాశపరచలేక పెట్టినవి. కానీ డబ్బు పెట్టి కొనేటప్పుడు ఆ తేడా మనకి తెలిసి ఉండాలి.

హోమ్ రన్‌లకి పేరుపడ్డ బేబ్ రూత్ దగ్గర మరీ జాగ్రత్త. 1928లో వచ్చిన ‘బేబ్ రూత్స్ ఓన్ బుక్ ఆఫ్ బేస్‌బాల్’కి సంతకాలతో, సంఖ్యలు వేసి 1000 ప్రతుల పరిమిత ఎడిషన్ ఒకటి ఉంది. రూత్ సంతకం ఉన్న పుస్తకం కావాలనుకునేవాడికి అదొక్కటే కాస్త ధైర్యంగా వెతకదగ్గది, ధర ఎలాగూ సామాన్యుడికి అందదు. 1948లో వచ్చిన ‘ది బేబ్ రూత్ స్టోరీ’ నాటికి ఆయన క్యాన్సర్‌తో చిక్కిపోయి ఉన్నారు. ఆ జూన్‌లో యేల్ యూనివర్సిటీకి వెళ్లి ఆ పుస్తకం రాతప్రతిని అక్కడి టీమ్ కెప్టెన్ చేతికి అందించిన ఫొటో మీరు చూసే ఉంటారు, ఆ కెప్టెన్ తర్వాత అమెరికా అధ్యక్షుడైన పెద్ద జార్జ్ బుష్. ఆగస్టు 16న రూత్ పోయారు. పుస్తకం వచ్చాక ఆయనకి మిగిలింది కొద్ది నెలలే, అదీ జబ్బుతో. నిజమైన సంతకాలు లేవని కాదు, ఉన్నాయి, కానీ బజార్లో తిరిగే వాటి సంఖ్య చూస్తే నమ్మబుద్ధి కాదు.

తేదీల తర్వాత కలం. అమెరికాలో బాల్‌పాయింట్ పెన్ను దుకాణాల్లోకి వచ్చింది 1945 అక్టోబర్‌లో. షార్పీ మార్కర్ 1964లో వచ్చింది. రూత్ టీమ్‌లోనే ఆడిన లూ గెరిగ్ 1941లో పోయారు కాబట్టి ఆయన సంతకం బాల్‌పెన్నుతో ఉంటే పక్కన పెట్టేయొచ్చు, రూత్ సంతకం మార్కర్‌తో ఉన్నా అంతే. ఇంత తేలిక విషయం కూడా చూసుకోకుండా కొన్నవాళ్లు నాకు తెలుసు. వాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు, రూత్ పేరు చూడగానే గుండె జారిపోతుంది, మిగతావేవీ కంటికి ఆనవు.

తర్వాత ఒక చిన్న భూతద్దం కొనుక్కోండి, పదింతలు పెద్దదిగా చూపించేది చాలు. సంతకం చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది అచ్చు వేసినది. పాత పుస్తకాల్లో ముందు బొమ్మ కింద రచయిత సంతకాన్ని అచ్చు వేయడం మామూలు, చాలామంది దాన్నే అసలు సంతకం అనుకుని అమ్మకానికి పెడతారు, పాపం వాళ్లకీ తెలియదు. బాల్‌పెన్ను అయితే పేజీ వెనక వేలితో తడిమితే ఒత్తు తగలాలి. అన్ని గీతలూ ఒకే మందంతో, ఎక్కడా వేగం మారకుండా, మొదలూ చివరా మొండిగా ఉంటే యంత్రంతో పెట్టించిందని అనుమానించాలి.

ఇంకో రకం ఉంది, వేరేవాళ్ల చేత పెట్టించినవి. బాస్టన్ రెడ్‌సాక్స్ మేటి బ్యాటర్ టెడ్ విలియమ్స్ ఆడే రోజుల్లో ఆ టీమ్ క్లబ్‌హౌస్ (ఆటగాళ్ల గది) చూసుకునే జానీ ఓర్లాండో ఆయన తరఫున సంతకాలు పెట్టేవాడన్నది సేకరించేవాళ్లందరికీ తెలిసిన విషయం. ఆ కాలంలో పెద్ద ఆటగాళ్లకి వచ్చే బస్తాల కొద్దీ ఉత్తరాలకి వేరే దారి లేదు. విలియమ్స్ పుస్తకాల్లో పేరున్నవి ‘మై టర్న్ ఎట్ బ్యాట్’, ‘ది సైన్స్ ఆఫ్ హిట్టింగ్’. రెండూ ఆయన ఆట మానేశాక వచ్చినవే కాబట్టి ఓర్లాండో గొడవ వాటికి తక్కువ, నకిలీల గొడవ ఎక్కువ.

సర్టిఫికెట్ ఉంటే చాలదా అని అడుగుతారు. ఎవరి సర్టిఫికెట్ అన్నదే ప్రశ్న. అమ్మేవాడు తనే అచ్చు వేసి ఇచ్చే కాగితానికి విలువ లేదు. 1990ల్లో ఎఫ్‌బీఐ ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో కాలిఫోర్నియాలో పెద్ద ముఠాని పట్టుకుంది, వాళ్ల దగ్గర దొంగ సంతకాలతో పాటు వాటికి సరిపడా దొంగ సర్టిఫికెట్లు కూడా తయారుగా ఉన్నాయి. మదర్ థెరిసా సంతకం పెట్టిన బేస్‌బాల్ కూడా దొరికిందంటే ఎంతకి తెగించారో చూడండి. పీఎస్‌ఏ, జేఎస్‌ఏ, బెకెట్ లాంటి, సంతకాలు పరీక్షించే సంస్థల అభిప్రాయానికి విలువ ఉంది, ఖరీదైనది అమ్మాలన్నా కొనాలన్నా వాళ్ల ముద్ర లేకుండా పని జరగదు. కానీ అది కూడా అభిప్రాయమే. నలభై డాలర్ల పుస్తకానికి అంతకంటే ఎక్కువ ఫీజు కట్టి ముద్ర వేయించడం నాకు నచ్చదు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి అన్న మీ రెండో ప్రశ్న. నా సలహా, రూత్, గెరిగ్, కాబ్ ముగ్గురినీ మర్చిపోండి. మీ ఊరి టీమ్‌తో, ఒక కథతో మొదలుపెట్టండి. మీరు క్లీవ్‌లాండ్‌లో ఉండటం అదృష్టం. 1948లో క్లీవ్‌లాండ్ వరల్డ్ సిరీస్ (ఏటా జరిగే చాంపియన్‌షిప్) గెలిచింది, ఆ టీమ్ మళ్లీ గెలవలేదు. ఆ ఒక్క టీమ్ చుట్టూ ఎన్ని పుస్తకాలున్నాయో చూడండి: పిచర్ బాబ్ ఫెల్లర్ ‘స్ట్రైకౌట్ స్టోరీ’ 1947లో, ఆటగాడిగానూ మేనేజర్‌గానూ ఆ సిరీస్ నెగ్గించిన లూ బూడ్రో ‘ప్లేయర్-మేనేజర్’ 1949లో, టీమ్ యజమాని బిల్ వీక్ ‘వీక్ యాజ్ ఇన్ రెక్’ 1962లో, అదే ఏడు శాచెల్ పేజ్ ‘మేబీ ఐల్ పిచ్ ఫరెవర్’. నాలుగూ ఒక అరలో పక్కపక్కన పెట్టి చూస్తే, నల్లజాతి ఆటగాళ్ల కోసం విడిగా నడిచిన నీగ్రో లీగ్స్‌లో జీవితమంతా గడిపి నలభై దాటాక మేజర్ లీగ్‌కి వచ్చిన పేజ్ కథా, అతన్ని తెచ్చిన వీక్ కథా ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటాయి.

వీటిలో ఫెల్లర్ సంతకం తేలిగ్గా దొరుకుతుంది. 2010లో తొంభై రెండేళ్ల వయసులో పోయేదాకా ఆయన అడిగినవాళ్లందరికీ పెట్టారు, స్టేడియం బయట ఆయన విగ్రహం మీరు చూసే ఉంటారు. తేలిగ్గా దొరికేది కాబట్టి నకిలీ చేసేవాడికి లాభం లేదు, మీకు టెన్షన్ లేదు. వీక్ 1986లో పోయారు, పుస్తకం మీద సంతకంతో అప్పుడప్పుడు కనిపిస్తుంది, ఓపిక పట్టండి. బూడ్రో కూడా అంతే. పేజ్ 1982లో పోయారు, ఆ పుస్తకం మీద ఆయన సంతకం నిజంగా అరుదు, అది చివరికి వదిలేయండి. సంతకం లేని ప్రతి అయినా అరలో ఉండదగ్గదే.

ఆటగాళ్ల పుస్తకాలే కాదు, రాసినవాళ్ల సంతకాలు కూడా చూడండి. ఈ వైపు ఎవరూ పెద్దగా చూడరు, నాకు మాత్రం చాలా ఇష్టం. టెర్రీ ప్లూటో రాసిన ‘ది కర్స్ ఆఫ్ రాకీ కొలవిటో’ క్లీవ్‌లాండ్ వాళ్లందరికీ తెలుసు, 1960లో అభిమానులకి ఇష్టమైన ఆటగాడు కొలవిటోని డెట్రాయిట్ టీమ్‌కి ఇచ్చేసినప్పటి నుంచి టీమ్ ఎలా కుంగిపోయిందో చెప్పే పుస్తకం. దాని మీద ప్లూటో, కొలవిటో ఇద్దరి సంతకాలూ ఉన్న ప్రతి దొరికితే వదలకండి, కొలవిటో 2024 చివర్లో పోయారు కాబట్టి అలాంటివి ఇక కొత్తగా పుట్టవు.

ఒక పుస్తకం మీద చాలామంది సంతకాలు సేకరించడం ఇంకో పిచ్చి, నా పిచ్చి కూడా అదే. రోజర్ కాన్ రాసిన ‘ది బాయ్స్ ఆఫ్ సమ్మర్’ ఇందులో మొదటిది. 1950ల బ్రూక్లిన్ డాడ్జర్స్ ఆటగాళ్లు నడివయసుకి వచ్చాక ఎలా ఉన్నారో ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి చూసి రాసిన పుస్తకం. వచ్చింది 1972లో, ఆ ఆటగాళ్లలో ఒకరైన గిల్ హాడ్జెస్ ఆ ఏడు ఏప్రిల్‌లోనే పోయారు, అక్టోబర్‌లో రాబిన్‌సన్. కాబట్టి ఈ ఇద్దరూ ఉన్న ప్రతి అంటే నమ్మే ముందు నూరు ప్రశ్నలు వేయాలి. కానీ మిగతావాళ్లలో చాలామంది దశాబ్దాలు బతికారు. ఇండియానాలోని ఆండర్సన్‌లో ఉండే కార్ల్ ఎర్‌స్కిన్ పోస్టులో పుస్తకం పంపితే సంతకం పెట్టి తిప్పి పంపేవారు, మన ఒహాయో యంగ్స్‌టౌన్‌లో ఉండే జార్జ్ షూబా కూడా. 1946లో జెర్సీ సిటీలో హోమ్ రన్ కొట్టి వచ్చిన రాబిన్‌సన్‌కి అందరి ముందూ చెయ్యి కలిపిన తెల్లజాతి ఆటగాడు ఈ షూబాయే. నా దగ్గరున్న ప్రతిలో షూబా, ఎర్‌స్కిన్, కాన్ ముగ్గురూ ఉన్నారు, మూడు వేర్వేరు కలాలు, మూడు వేర్వేరు కాలాలు. షూబా 2014లో, కాన్ 2020లో, ఎర్‌స్కిన్ 2024లో పోయారు. ఒక ప్రతి మీద అందరి సంతకాలూ ఒకే కలంతో, ఒకే సిరాతో, వరసగా ఉంటే నాకు సంబరం కాదు, అనుమానం వస్తుంది. ఒకే వేడుకలో పెట్టించి ఉండొచ్చు, అప్పుడు ఆ వేడుక ఎక్కడ, ఎప్పుడు జరిగిందో అమ్మేవాళ్లు చెప్పగలగాలి.

ఇలాంటిదే లారెన్స్ రిట్టర్ 1966లో తెచ్చిన ‘ది గ్లోరీ ఆఫ్ దెయిర్ టైమ్స్’. టేప్ రికార్డర్ పట్టుకుని దేశమంతా తిరిగి ముసలి ఆటగాళ్ల మాటలు వాళ్ల నోటితోనే దింపారు, వచ్చిన రాయల్టీ వాళ్లతో పంచుకున్నారు కూడా. దీని దగ్గర ముద్రణ చూడటం తప్పనిసరి. 1984లో నలుగురిని చేర్చి పెద్ద ఎడిషన్ వేశారు. మొదటి ఎడిషన్‌లో మాట్లాడినవాళ్లలో శామ్ క్రాఫర్డ్ 1968లో, రూబ్ మార్క్వర్డ్ 1980లో పోయారు. వాళ్ల సంతకాలు 1984 ఎడిషన్ మీద ఉన్నాయంటే మీ కాబ్ పుస్తకం కథే మళ్లీ.

ఇప్పుడున్న ఆటగాళ్ల పుస్తకాలకి నేరుగా వెళ్లి పెట్టించుకోవడం అన్నిటికంటే మేలు. పుస్తకాల షాపుల్లో సంతకాల కార్యక్రమాలు జరుగుతుంటాయి, న్యూజెర్సీ రిడ్జ్‌వుడ్‌లోని బుకెండ్స్‌కి దీనికి మంచి పేరుంది, అటు చుట్టాలు ఉంటే ఓ కన్నేసి ఉంచమనండి. బిల్లు, కార్యక్రమం టికెట్టు, మీ అమ్మాయి సంతకం తీసుకుంటున్న ఫొటో, ఇవన్నీ ఒక కవర్లో దాచండి, రేపు ఏ సర్టిఫికెట్టూ వాటి ముందు నిలబడదు.

సంతకం ఎక్కడ పెట్టించాలి? టైటిల్ పేజీ మీద. ముందుండే ఖాళీ పేజీ మీద పెట్టిస్తే రేపు ఎవరైనా దాన్ని చింపి ఇంకో పుస్తకంలో అంటించొచ్చు, పాత పుస్తకాల ఖాళీ పేజీల మీదే దొంగ సంతకాలు పుట్టేది కూడా. టైటిల్ పేజీ మీద పుస్తకం పేరూ మనిషి పేరూ సంతకం పక్కనే అచ్చయి ఉంటాయి. మామూలు నల్ల లేదా నీలం బాల్‌పెన్ను మీరే తీసుకెళ్లండి. మార్కర్ అయితే పలచటి కాగితంలో అవతలికి దిగిపోతుంది, నున్నటి పేజీ మీద అయితే ఆరకముందే అలుక్కుపోతుంది. పేరు రాయించుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. అమ్ముకునే ఉద్దేశం ఉన్నవాళ్లు వద్దంటారు, నేను మాత్రం రాయించుకోమంటాను. మన పేర్లు పొడుగు కదా, స్పెల్లింగ్ కోసం షాపువాళ్లు పసుపు చీటీ మీద రాసి పేజీకి అంటిస్తారు. ఇంటికి రాగానే ఆ చీటీ తీసేయండి, జిగురు మరక పడితే పోదు.

సంతకం లేకపోయినా విలువుండే ప్రతినే కొనండి. డస్ట్ జాకెట్ (అట్ట మీద చుట్టే కాగితపు కవర్) ఉందా, దాని లోపలి అంచు మీద ధర ఉందా? ధర అసలే అచ్చు కాకుండా, పుస్తకం తేలిగ్గా, అట్ట వెనక మూల చిన్న గుంట నొక్కి ఉంటే అది బుక్ క్లబ్ ఎడిషన్ (క్లబ్ సభ్యుల కోసం చవగ్గా వేసిన ముద్రణ), దానికి మొదటి ముద్రణ ధర ఇవ్వకండి. లైబ్రరీ ముద్రలున్నవి చదువుకోవడానికే. జాకెట్‌కి మైలార్ (పారదర్శకమైన ప్లాస్టిక్) కవర్ వేయండి, నిలువుగా పెట్టండి, ఎండ తగలనివ్వకండి. ఒహాయో ఇళ్లలో అందరూ చేసే పని బేస్‌మెంట్‌లో పెట్టడం, అక్కడి తేమకి రెండు వేసవులు చాలు బూజు పట్టడానికి. లోపల పాత పేపర్ కత్తిరింపులు ఉంటే తీసి విడిగా దాచండి, ఆ కాగితంలోని ఆమ్లం పక్క పేజీని గోధుమరంగు చేసేస్తుంది. ఇండియా తీసుకెళ్లే ఆలోచన ఉంటే, ముఖ్యంగా విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లకి, ఇక్కడే వదలడం నయం.

డబ్బు పెట్టే ముందు కళ్లకి అలవాటు చేసుకోవాలంటే క్లీవ్‌లాండ్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్లండి, అక్కడ మియర్స్ బేస్‌బాల్ కలెక్షన్ ఉంది. అలాగే బేస్‌బాల్ చరిత్ర మీద పనిచేసే సేబర్ సంస్థకి మీ ప్రాంతంలో జాక్ గ్రేనీ చాప్టర్ ఉంది. పుస్తకాలు తెలిసిన పెద్దమనుషులు అక్కడ పరిచయమవుతారు.

మళ్లీ మీ కాబ్ పుస్తకానికి వస్తే, జాకెట్ శుభ్రంగా ఉండి, కాపీరైట్ పేజీ మీద ‘ఫస్ట్ ఎడిషన్’ అని ఉంటే, దాని ప్రచురణకర్త డబుల్‌డే వాళ్లు అలాగే వేసేవారు, సంతకం లేని మొదటి ముద్రణకి పాత పుస్తకాల సైట్లలో ఎంత నడుస్తోందో చూసుకుని అంతకి అడగండి. దొంగ సంతకం పడింది కాబట్టి ఇంకాస్త తగ్గించమనడంలో తప్పులేదు. కాబ్ చనిపోయిన తేదీ వాళ్లకి మర్యాదగా చూపించండి, వాళ్లకీ తెలియకపోవచ్చు. ఒప్పుకుంటే తీసుకోండి, లేదంటే ఆ 600 డాలర్లలో కొంత పెట్టి ఫెల్లర్ పుస్తకం వెతకండి, దొరికాక టైటిల్ పేజీ, కాపీరైట్ పేజీ ఫొటోలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.